మిషన్ పక్కన మనిషి

దర్జీలు కొలతలు తీసుకోవడం మానేశారు. రాజాంలో అయితే టేపు దర్జీ మెడకి అలంకారంగా మిగిలింది. "పాత సొక్కా ఒకటి ఇచ్చీయండి మేస్టారూ, దాన్ని సూసి కుట్టీస్తాను" అంటాడు. ఇచ్చేస్తాం. నా ఎడమ చెయ్యి కుడి చేతికన్నా పొట్టి కాదు. కానీ పన్నెండేళ్ళ కిందట ఒక చొక్కాకి ఎడమ చెయ్యి అరంగుళం పొట్టిగా వచ్చింది. దాన్ని చూసి ఇంకొకటి కుట్టాడు, దాన్ని చూసి మరొకటి. ఆ వంశం ఇప్పుడు ఎనిమిదో తరంలో ఉంది. ఇదేమిటయ్యా అంటే, "మీరిచ్చిన సొక్కాకీ దీనికీ తేడా ఉంటే సెప్పండి" అంటాడు. తేడా లేదు. అదే నా బాధ.

మొన్న ఆ ఎనిమిదో తరం చొక్కా తెచ్చుకుందామని వెళ్తే, దర్జీ దానితో బాటు ఇంకో కాగితం పొట్లం బల్ల మీద పెట్టాడు.

"ఇది కూడా పట్టికెళ్ళిపోండి. మీ కాలేజీలో కంప్యూటర్లు సూసీవోరు లేరా, ఆయనిది. కొలతకని ఇచ్చేరు. నాను కొత్తది మొదలెట్టనేదు, ఈలోగా ఆయన పోనారట కదా."

"ఎవరు పోయారు?"

"మీకు తెలీదేటి? నెల్లాళ్ళయిపోనాది."

తెలీదు. ఒకే కాలేజీలో పదకొండేళ్ళు పనిచేశాం. నెల తర్వాత దర్జీ చెబితే తెలిసింది.

పొట్లం విప్పాను. పొందూరు ఖద్దరు, అర చేతులు. కాలరు లోపల చివికి దారాలు లేచాయి. జేబు అడుగున సన్నటి కన్నం. చిన్న స్క్రూడ్రైవర్‌ని ఏళ్ళ తరబడి జేబులో నిలువుగా పెట్టుకుంటే పడే కన్నం.

"వాళ్ళింటికాడ ఇచ్చీయండి. సదూకున్నోరు, మీరెళ్తే బావుంటాది" అన్నాడు దర్జీ. చదువుకున్నవాడు వెళ్తే ఏం బావుంటుందో నాకు తెలీలేదు. పొట్లం మాత్రం పుచ్చుకున్నాను. పుచ్చుకోకపోతే ఎందుకో చెప్పాల్సి వచ్చేది.

ఎందుకో ఇక్కడ చెబుతాను. ఆయన్ని కంప్యూటర్ ల్యాబులోంచి తీసేయడానికి కారణం మా ఎగ్జామ్ సెక్షన్లో ఉన్న కంప్యూటరు మిషన్. ఆ మిషన్ పాడవడానికి కారణం నేను. మొదటి వాక్యం కాలేజీలో అందరికీ తెలుసు.

అందరూ ఆయన్ని ల్యాబు మేస్టారు అనేవారు. జీతాల రిజిస్టరులో మాత్రం ల్యాబ్ అసిస్టెంటు. ఎవరికి అసిస్టెంటో అందులో రాయలేదు. ఆ ల్యాబులో ఆయన కాక వేరే ఉద్యోగి ఉండేవారు కాదు. ఇరవై నాలుగు పాత మిషన్లు. అన్నిట్లోనూ విండోస్ బదులు లినక్స్. దానికి డబ్బు కట్టక్కర్లేదు గనక మా ప్రిన్సిపాల్‌గారు ఆ పేరుని అన్నదానం అన్నంత భక్తిగా పలికేవారు. ఆ కాలేజీ ప్రిన్సిపాల్‌గారి మామగారిది. అందుచేత ఆయన భక్తికి మా అందరి భక్తీ తోడయ్యేది.

ల్యాబు తలుపు పక్కన ఒక స్టూలు ఉండేది. ఎవరైనా మిషన్ బాగోలేదని పట్టుకెళ్తే ఆయన ముందు మిషన్ కేసి చూసేవారు కాదు. స్టూలు చూపించేవారు.

"కూకోండి."

"నాకు క్లాసుంది మేస్టారూ. మీరు చూసి ఉంచండి, సాయంత్రం వస్తాను."

"పెద్దాసుపత్రిలో రోగిని ఒగ్గీసి ఎలిపోతారేటి? పక్కన మనిషుండాల."

మనిషి లేకపోతే ముట్టుకునేవారు కాదు. ప్రిన్సిపాల్‌గారి మిషన్ ఒకసారి మూడు రోజులు గుడ్డ కప్పుకుని అలాగే ఉండిపోయింది, పక్కన కూచోడానికి ప్రిన్సిపాల్‌గారికి తీరిక లేక. నాలుగో రోజు అటెండర్ని పంపిస్తే, "ఈడు వాడలేదు కదా దీన్ని. ఈడికేటి తెలుసు?" అని వెనక్కి పంపేశారు.

కూచున్నాక ఒక ప్రశ్న. ఎవరికైనా అదే, ఏ రోగానికైనా అదే. "నిన్న బాగుంది. ఇయ్యాల బాలేదు. మజ్జిలో ఏటి సేసేరు?"

"ఏమీ చేయలేదండి."

ఆయన వాదించేవారు కాదు. పొడుగాటి రిజిస్టరు తీసి తేదీ, మిషన్ నంబరు, రోగం రాసి, నాలుగో గడిలో 'ఏమీ చేయలేదు' అని గుండ్రంగా రాసి కింద గీత గీసేవారు. ఒకసారి ఊరికే పేజీలు తిప్పాను. పై నుంచి కిందకి నాలుగో గడి అంతా అదే. ఆ రిజిస్టరు ప్రకారం మా కాలేజీలో ఏళ్ళ తరబడి ఎవరూ ఏమీ చేయలేదు. ప్రిన్సిపాల్‌గారి అభిప్రాయమూ అదే గనక, ఆ ఒక్క రిజిస్టరు తనిఖీలో ఎప్పుడూ నెగ్గేది.

ఆ తర్వాత మిషన్‌కి కరెంటిచ్చి, కాగితం కోనులోంచి ఉడకబెట్టిన వేరుశనక్కాయలు ఒక్కొక్కటే ఒలవడం మొదలుపెట్టేవారు. ఆకలికి కాదు. అది ఆయన గడియారం. మిషన్ పూర్తిగా లేచి మాటకి పలికే సరికి ఎన్ని కాయలు ఒలిచారో అంత దాని ఆరోగ్యం. రిజిస్టరులో అలాగే రాసేవారు: 'లేచుట – 14 కాయలు.' జబ్బుపడితే ముప్పై, నలభై. పుచ్చు కాయ వస్తే అరగా లెక్కేసేవారు.

"చేతికి వాచీ ఉంది కదా మేస్టారూ" అన్నాను ఒకసారి.

"వాచీ సూస్తే మిషన్ని సూడ్డం అవదు. కాయలైతే సెయ్యి సూసుకుంటాది."

తొక్కల గురించి ప్రిన్సిపాల్‌గారు రెండుసార్లు మెమో ఇచ్చారు. రెండు మెమోలూ మడిచి తొక్కలు పోసుకోడానికి వాడారు. కోపంతో కాదు. కాగితం మందంగా ఉందట.

నెమ్మదిగా పనిచేసే మిషన్ని ఆయన 'స్లో' అనేవారు కాదు. ఆయాసం అనేవారు. "దీనికి ఆయాసం. దానికి తిమ్మిరి." పిల్లలు రీస్టార్టు బొత్తాం మీద వేలు పెడితే ఆ వేలు పట్టుకుని తీసేసేవారు. "మొకం కడుక్కుంటే తేటగుంటాది నాయినా. జొరం తగ్గదు." ఒకసారి నేను తెలివిగా, మెమరీ చిప్పూ కేబులూ రెండూ మార్చి చూడొచ్చు కదా అన్నాను. ఆయన నాకేసి జాలిగా చూశారు.

"రెండూ ఒకేసారి మారిస్తే ఏది కుదిర్సిందో తెలీదు మేస్టారూ. అప్పుడు రెండిటికీ దండం ఎట్టాల. మన మొక్కులన్నీ అలాగే మొదలయ్యేయి."

ఆ మాట స్టాఫ్‌రూములో నా మాటగా చెప్పుకుని మూడు నెలలు బతికాను.

ఎందుకంటే స్టాఫ్‌రూములో నాకు హేతువాదిగా కొంత పేరుంది. పెద్దగా చదివి కాదు. ప్రిన్సిపాల్‌గారి మీద జోకులు వేసేవాణ్ణి. ఆయన రాహుకాలంలో సంతకం పెట్టరు. మార్కుల జాబితాలూ సెలవు చీటీలూ ఆ గంటన్నర దాటేదాకా ఆయన బల్ల మీద వరసగా పడుకునేవి. 'ప్రిన్సిపాల్‌గారికి సూతకం' అనేవాణ్ణి. నవ్వేవారు. చెప్పే సబ్జెక్టు కామర్సు, చూసేది ఎగ్జామ్ సెక్షను. ఆ రెండిట్లో దేనికీ దొరకని గౌరవం నాకు ఆ నవ్వుల్లో దొరికేది.

ఆ ఏడాది నా పీహెచ్‌డీ వైవా రెండుసార్లు వాయిదా పడింది. రెండుసార్లూ నేను ఇంట్లోంచి రాహుకాలంలోనే బయలుదేరానని మా అత్తగారు పంచాంగం తిరగేసి రుజువు చేశారు. నవ్వాను. మూడో తేదీ వచ్చాక నవ్వు తగ్గింది. ఒక మధ్యాహ్నం సెక్షనులో ఎవరూ లేనప్పుడు, ఎవరో పుణ్యాత్ముడు ఇంటర్నెట్లో పెట్టిన పంచాంగం ప్రోగ్రాము ఒకటి నా మిషన్లోకి దింపుకున్నాను. తెర మూల చిన్న చక్రం. మంచి వేళలో ఆకుపచ్చ, రాహుకాలంలో ఎరుపు. క్షణానికోసారి ముల్లు కదిలేది. ఎవరైనా గదిలోకి వస్తే 'దాచు' అన్న చోట నొక్కేవాణ్ణి. చక్రం మాయమయ్యేది, హేతువాదం తిరిగొచ్చేది.

వారం తిరక్కుండా మిషన్‌కి ఆయాసం మొదలైంది. పొద్దున్న బాగానే లేచేది. పదకొండు దాటితే, ఫైలు తెరవమంటే ఆలోచించేది. మధ్యాహ్నానికి నా చెయ్యి ఒకచోట, తెర మీద బాణం ఇంకోచోట. మూడింటికి కింది పట్టీ ఊడిపోయేది, ఫైళ్ళ నెత్తిన ఉండే మూసే గుర్తులు ఊడిపోయేవి, ఆ తర్వాత నల్ల తెర. ఇదంతా నేనొక్కణ్ణే చూస్తున్నంతసేపూ ఎవరికీ ఇబ్బంది లేదు. ప్రిన్సిపాల్‌గారు వాళ్ళ మామగారిని వెంటబెట్టుకొచ్చి ఇంటర్నల్ మార్కులు చూపిస్తుండగా తెర నల్లబడింది. మామగారు, "కరెంటు బిల్లు కట్టలేదా?" అని అడిగారు. దాంతో అది కాలేజీ పరువు సమస్య అయింది.

మిషన్ మోసుకుని ల్యాబుకి వెళ్ళాను. స్టూలు మీద కూచున్నాను.

"మజ్జిలో ఏటి సేసేరు?"

"ఏమీ చేయలేదండి."

అప్పటికి అది అబద్ధమని కూడా నాకు తోచలేదు. జబ్బు మొదలైన రోజే భయపడి చక్రాన్ని దాచేశాను, మళ్ళీ బయటికి తియ్యలేదు. కనపడనిది లేనట్టే అనుకున్నాను. ఆయన రాసుకుని గీత గీశారు. ముందుగా మార్కుల ఫైళ్ళన్నీ రెండు పెన్‌డ్రైవుల్లోకి ఎక్కించి ఒకటి నా చేతిలో పెట్టారు. "కోతకి ముందర రోగి మెళ్ళో గొలుసు తీసి ఇంట్లోవోళ్ళకి ఇచ్చీయాల" అన్నారు.

సాయంత్రం దాకా చూశారు. ఏ ప్రోగ్రాము ఎంత మెమరీ తింటోందో చూపించే జాబితా తెరిచి పెట్టుకుని, కాయలు ఒలుస్తూ, దాన్నే చూస్తూ కూచున్నారు. తెర మీద బొమ్మలన్నీ గీసి చూపించే ప్రోగ్రాము ఒకటుంటుంది. జాబితాలో దాని పేరే పైన. దాని పొట్ట గంటగంటకీ పెరుగుతోంది.

"దొరికింది కదా" అన్నాను. "దాని సంగతి చూడండి."

"ఇది దొంగ కాదు మేస్టారూ. దొంగసొత్తు తెచ్చి దీనింట్లో దాస్తన్నారు ఎవులో. దీన్ని కొడితే ఏటొస్తాది?"

మర్నాడు అదే మిషన్లో కొత్త పేరుతో ఇంకో ఖాతా తెరిచి, రోజంతా అందులో పనిచేయించారు. నా ఫైళ్ళు లేవు, నా అమరికలు లేవు, ఏమీ లేదు. మిషన్‌కి లంఖణం అన్నమాట. సాయంత్రం అయిదైనా అది పొద్దుటిలాగే చురుగ్గా ఉంది. ఆయన మొహంలో వెలుగొచ్చింది. "మిషన్ మంచిదే. పాపం, దానికేటీ లేదు. రోగం మీ ఖాతాలో ఉన్నాది. ఏరుకోవాలంతే."

మూడో రోజు ప్రిన్సిపాల్‌గారు ల్యాబు గుమ్మంలో నిలబడ్డారు. లోపలికి రాలేదు, తొక్కలు. విశాఖ నుంచి ఒక కంపెనీవాళ్ళు ల్యాబు మొత్తం తామే చూసుకుంటామంటున్నారట.

"మేస్టారూ, ఫార్మాట్ కొట్టేస్తే అరగంట పని అంటున్నారు వాళ్ళు. మీకు మూడు రోజులు సరిపోలేదు."

"ఇంటికి సెద పట్టిందని తగలెట్టీమంటే అరగంట కూడా అక్కర్లేదండి. సెదెక్కణ్ణించొచ్చిందో తెలీకపోతే కొత్తింటికీ వస్తాది."

"సోమవారం దాకా చూస్తాను. తేలకపోతే ల్యాబు వాళ్ళకిచ్చేస్తాను. మిమ్మల్ని ఎక్కడో ఒకచోట సర్దుతాంలెండి."

ఆయనకి రిటైరుమెంటు ఇంకా ఏడాదిన్నర. జీతం ఎక్కడున్నా వచ్చేదే. కానీ ఆ ఇరవై నాలుగింటికీ ఏది ఎన్ని కాయల్లో లేస్తుందో తెలిసిన మనిషి ఆయనొక్కరే. ప్రిన్సిపాల్‌గారు వెళ్ళాక చాలాసేపు కాయ ఒలవలేదు.

నాలుగో రోజు, గురువారం, నన్ను స్టూలు దగ్గరికి లాక్కోమన్నారు. నా ఖాతా తెరిచి రెండు మీటలు కలిపి నొక్కారు. అప్పటిదాకా పది ఫోల్డర్లు కనిపించిన చోట గుంపుగా ఇంకో ముప్పై రెండు లేచి నిలబడ్డాయి. అన్నిటి పేర్లకీ ముందు చుక్క.

"సుక్క పెట్టినవి కనపడవు. కనపడకపోతే లేనట్టు కాదు. మీరు దింపినవీ, మూసినవీ, దాసినవీ అన్నీ ఇందులోనే కూకుని పని సేసుకుంటాయి."

దాచినవీ అన్న మాట దగ్గర, చక్రం బయటపడలేదు కదా అని తెర మూలకి చూశాను.

"మళ్ళీ అడుగుతన్నాను, ఏటనుకోకండి. ఈ పది రోజుల్లో దీన్లోకి ఏటైనా దింపేరా? సిన్నదైనా సరే. ఆటైనా సరే. నానెవులికీ సెప్పను. సెప్తే పది నిమిషాల్లో అయిపోద్ది. సెప్పకపోతే ముప్పై రెండూ సగానికి సగం తీసి, రోజంతా ఆగి సూడాల. ఆయాసం మజ్జాన్నం దాటితే గానీ రాదు కదా."

నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే గుమ్మంలోంచి ఇద్దరు లెక్చరర్లు తొంగిచూసి, "ఏం కాబోయే డాక్టరుగారూ, రాహుకాలమా, మిషన్ లేవట్లేదు?" అన్నారు. నా జోకే నాకు తిరిగొచ్చింది. వాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, "దానికి శని పట్టింది, నాకేం సంబంధం" అన్నాను. ఆయన వాళ్ళు వెళ్ళేదాకా ఆగి, నాకేసి చూశారు.

"ఏమీ చేయలేదండి" అన్నాను.

రెండోసారి రాసుకున్నారు. గీత గీశారు.

గురువారం ముప్పై రెండులో పదహారు పక్కన పెట్టి చూశారు. ఆయాసం వచ్చింది. మిగిలిన పదహారులో ఉందన్నమాట. శుక్రవారానికి ఎనిమిది. శనివారానికి నాలుగు. ఆదివారం కూడా ల్యాబు తెరిచారు. స్టూలు మీద మనిషి ఉండాలి గనక నేనూ వెళ్ళాను. కాలేజీలో ఎవరూ లేరు, నవ్వేవాళ్ళు కూడా. చెప్పాలంటే అదే రోజు. పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆయన పక్కన కూచుని, ఆయన ఒలిచిచ్చిన కాయలు తిన్నాను.

"మీ పరీచ్చ ఎప్పుడు మేస్టారూ?" అన్నారు మధ్యలో. నా వైవా సంగతి ఆయనకి తెలుసు.

"ఎల్లుండి."

"మంచి టైము సూసుకుని బయల్దేరండి."

ఆయన నవ్వలేదు. తెరకేసే చూస్తున్నారు. ఆ మాట మామూలుగా అందరూ అనేదో, కాదో, నాకు ఇప్పటికీ తెలీదు. నేను మాత్రం ఏదో జోకు వేశాను. ఏం జోకో గుర్తు లేదు. బాగుండి ఉండదు.

నాలుగున్నరకి రిజిస్టరులో రాశారు: 'మిగిలినవి రెండు.' చేతులు దులుపుకుని, "రేపు మజ్జాన్నానికి తెలిసిపోద్ది" అన్నారు. అంత అలసిపోయిన మనిషి అంత సంతోషంగా ఉండడం నేను అంతకు ముందు చూడలేదు.

సోమవారం పొద్దున్న తొమ్మిదింటికి కంపెనీవాళ్ళు వ్యానులో వచ్చారు. మెడలో తాళ్ళు, తాళ్ళకి కార్డులు. వస్తూ వస్తూ కొత్త మిషన్ తెచ్చారు. పాత మిషన్లోని నా ఖాతా మొత్తం, చుక్కలతో సహా, యథాతథంగా కొత్తదాన్లోకి పోశారు. పాత చొక్కా పెట్టి కొత్త చొక్కా కుట్టినట్టు. నలభై నిమిషాలు. ప్రిన్సిపాల్‌గారు టీ తెప్పించారు.

ల్యాబు మేస్టారు గుమ్మం దగ్గరే నిలబడి, "రెండే మిగిలేయండి. ఈ పూటకి తేలిపోద్ది" అన్నారు.

"ఇంకేం మిగల్లేదు మేస్టారూ. అయిపోయింది" అన్నారు ప్రిన్సిపాల్‌గారు. కోపంగా కాదు. సంతకం పెట్టే మంచి వేళ కూడా అదేనట, కాంట్రాక్టు కాగితం చేతిలోనే ఉంది.

కొత్త మిషన్‌కి మెమరీ ఎక్కువ. అందుచేత సాయంత్రం దాకా ఓర్చుకుంది. అయిదింటికి, గదిలో నేనొక్కణ్ణే ఉండగా, బాణం ఆగి ఆగి కదలడం మొదలెట్టింది. లేచి తలుపు వేశాను. ఆయన చూపించిన రెండు మీటలు కలిపి నొక్కాను. చుక్కల గుంపు లేచి నిలబడింది. మిషన్ లేవగానే వాటంతటవి లేచే ప్రోగ్రాముల చోటు ఎక్కడో ఆయనే చెప్పారు. ఆయన మిగిల్చిన రెండిట్లో ఒకటి అదే. అందులో ఉంది నా చక్రం, దర్జాగా. తీసేశాను. పది సెకన్లు పట్టింది. ఆ మిషన్ మళ్ళీ ఆయాసపడలేదు. కంపెనీవాళ్ళకి మంచి పేరొచ్చింది.

మంగళవారం నా వైవా జరిగింది. డాక్టరేటు వచ్చింది. ఏ వేళకి బయలుదేరానో చెప్పను.

ఆయన్ని లైబ్రరీలో సర్దారు. పుస్తకాల మీద కాలేజీ ముద్ర వేసే పని. రిటైరయ్యేదాకా అదే. వరండాలో ఎదురైతే ప్రతిసారీ ఆగేవారు. ల్యాబు గురించి అడిగేవారు కాదు, ప్రిన్సిపాల్‌గారి మాట ఎత్తేవారు కాదు.

"మీ మిషన్ ఎలగున్నాది?"

"బావుంది మేస్టారూ."

"ఆయాసం రాలేదు?"

"లేదండి."

"ఆ ఖాతాయే కదా?"

"అదే ఖాతా."

"మరెలా కుదిరింది?" అని, నన్ను కాదు, గోడని అడిగినట్టు అడిగి వెళ్ళిపోయేవారు. వేళ్ళకి ఊదా రంగు సిరా. కొన్నాళ్ళకి నేను లైబ్రరీ వైపు వరండా వదిలేసి మైదానం మీంచి నడవడం మొదలుపెట్టాను. వ్యాయామం అని చెప్పేవాణ్ణి.

పొట్లం పుచ్చుకున్న నాలుగో రోజున వాళ్ళ ఊరు పొందూరు వెళ్ళాను. ఇల్లు కనుక్కోడం కష్టం కాలేదు. 'కంప్యూటర్ల మేస్టారు' అంటే వీధి మొదట్లోనే చూపించారు. ఆయన భార్య పంచలో గోడకి ఆనుకుని కూచుని, వాలుగ చేప దవడ ఎముకతో పత్తి దువ్వుతున్నారు. నేనెవరో చెప్పి పొట్లం ఇచ్చాను. విప్పి, కాలరు చూసి, మళ్ళీ మడత పెట్టి పక్కనుంచారు. ఏడవలేదు. పని ఆపలేదు.

"మీరేనేటి ఎగ్జామ్ సెక్షను?"

"నేనేనండి."

"రెండే మిగిలేయి, రెండే మిగిలేయి అనీవోరు. ఉజ్జోగం అయిపోయేక ఒక పాత మిషన్ కొనుక్కుని ఆ గదిలో ఎట్టేరు. అది బాగానే ఉండీది. బాగున్నదానికి రోగం రప్పించాలని సూసీవోరు. అది దింపుతారు, ఇది దింపుతారు, పొద్దల్లా కాయలొలుసుకుని కూకుంటారు. రానేదు. ఆసుపత్రిలో కూడా, 'ఆ మేస్టారు ఏటి దింపేరో అడిగితే సెప్పీవోరేమో, మూడోసారి అడగనేదు నాను' అన్నారు."

గదికేసి చూశాను. తలుపు వేసి ఉంది.

అప్పుడు చెప్పేశాను. చక్రం సంగతి, ఆకుపచ్చా ఎరుపూ, మా అత్తగారి పంచాంగం, దాచు అన్న బొత్తాం, గురువారం సంగతి, ఆదివారం సంగతి. నాకు తెలిసిన మాటల్లో ఎక్కడా జోకు తగలకుండా మొదటిసారి ఒక విషయం చివరిదాకా చెప్పాను. ఆవిడ దువ్వుతూనే విన్నారు. గింజ చుట్టూ దూది మంచులా లేస్తోంది.

"ఆ రెండిట్లోనే ఉన్నాదేటి?"

"రెండిట్లోనే ఉంది. ఆయన లెక్క సరిగ్గానే ఉంది."

"తియ్యడానికి ఎంతసేపు పట్టింది మీకు?"

"పది సెకన్లు."

ఆవిడ చేతిలో పని ఆగింది. ఎముకని ఒళ్ళో పెట్టుకుని, మొదటిసారి నా మొహంలోకి సూటిగా చూశారు.

"ఆయనుండగా సెప్పుంటే ఆ పూట కడుపునిండా తిని పడుకునీవోరు. ఇప్పుడు నాకు సెప్పీసి మీరు తేలికైపోయి బస్సెక్కీస్తారు. నానెక్కడెట్టుకోను దీన్ని?"